తిన్నగానే ఉన్నాననుకున్నాను



1999 జూలై 16 రాత్రి, అమెరికా అధ్యక్షుడిగా చేసిన కెనెడీ గారి కుమారుడు జాన్ తానే చిన్న విమానం నడుపుకుంటూ మార్తాస్ వైన్‌యార్డ్ దీవికి వెళ్తున్నాడు. వెంట భార్య, ఆమె అక్క. కింద చీకటి సముద్రం, గాలిలో మసక. దిగడానికి ఎత్తు తగ్గిస్తుండగా విమానం అదుపు తప్పి నీటిలో పడింది. ముగ్గురూ చనిపోయారు.

చీకట్లో ఎటు ఒరుగుతున్నదీ తెలియని అయోమయమే కారణమని విచారణలో తేల్చారు. నింగీ నీరూ కలిసిపోయిన చోట మన చెవి లోపలి తూకం మోసం చేస్తుంది. విమానం ఒరుగుతున్నా తిన్నగా ఉన్నట్టే తోస్తుంది. అప్పుడు ఒంటికి తోచినది కాదు, ఎదుటి పరికరాలు చూపేదే నమ్మాలి.

ఆయనను తప్పుపట్టను. నా సంగతే చెబుతాను. పొలం గట్టు దగ్గర మాట పెరిగి మా తమ్ముడితో రెండేళ్లు మాట్లాడలేదు. ఆ రెండేళ్లూ మీకు క్షమాపణ గురించి బోధించాను. తిన్నగానే ఉన్నానని నిజంగా అనుకున్నాను. వాక్యం రోజూ నా ఎదుటే ఉంది. అమ్మ మంచాన పడ్డాక గానీ వాడి గడప తొక్కలేదు.

ఈ రాత్రి సామెతలు 3:5 తెరవండి. మీకు మాటల్లేని ఇల్లు ఏదో మీకే తెలుసు. తెల్లవారేదాకా ఆగకండి. ఆమేన్.