పాలు ఫన్నీగా ఉన్నాయట!

కూర్చోండి, కాఫీ వస్తోంది. ఆలస్యానికి కారణం మా మనవరాలు. ఎనిమిదేళ్లది, సెలవులకి డల్లాస్ నుంచి వచ్చింది. పొద్దున్న పాలగ్లాసు చేతికిస్తే ఓ గుక్క తాగి, "తాతయ్యా, పాలు ఫన్నీగా ఉన్నాయి" అంది. "ఏం, జోకులేస్తున్నాయా?" అని పకపకా నవ్వాను. అది నవ్వలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసింది, పులిసిన కంపు. మళ్లీ ప్యాకెట్ తెచ్చి కాచేసరికి ఈ వేళైంది.

ఫన్నీ అంటే నవ్వొచ్చేదే అనుకుంటాం మనం. ఇంగ్లీషువాళ్లకి తేడా కొట్టేది కూడా ఫన్నీయే.

దాని తల్లి ఫన్ మాత్రం ఏం తక్కువ తిన్నది? 17వ శతాబ్దం చివర్లో ఫన్ చేయడమంటే టోపీ పెట్టడం, శుభ్రంగా మోసగించడం. వినోదమనే అర్థం 18వ శతాబ్దంలో గానీ కుదురుకోలేదు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో చోటైతే ఇచ్చాడు గానీ, పక్కనే నాసిరకం మాటని ముద్ర కొట్టాడు. ఆయన కోపం ఎవరికి పట్టింది? అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి కాస్త మిగిలే ఉంది. 'మేక్ ఫన్ ఆఫ్' అంటే ఈనాటికీ వెక్కిరించడమే.

వ్యాకరణంలోనూ పేచీయే. ఫన్ నామవాచకం, దానికి బహువచనం లేదు. మనకేమో పండగొస్తే సరదాలే సరదాలు. దాన్ని విశేషణం చేసి 'సో ఫన్' అంటే చాదస్తులు నొసలు చిట్లిస్తారు. మా పిల్ల 'ఫన్నర్' దాకా వెళ్లిపోయింది. నాకైతే ముద్దుగానే ఉంది.

మన మాటలు మాత్రం బుద్ధిమంతులా? పారసీలో తమాషా అంటే హాయిగా షికారు తిరుగుతూ వింతలు చూడటం. మన ఇళ్లలో "తమాషాగా ఉందా?" అని ఎవరైనా అన్నారంటే ఆ పూట మూడిందన్నమాటే. ఇక సరదా. అది తీరడం మంచిదో చెడ్డదో అనేవాళ్ల గొంతుని బట్టి తెలుసుకోవాలి. నిన్న సాయంత్రం ఈ గడుగ్గాయి ముగ్గుడబ్బా వరండా అంతా ఒలకబోసింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఉండవే, నీ సరదా తీరుస్తా!" అని కేకేసింది.

"నిజంగానా అమ్మమ్మా?" అంటూ గెంతుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడిందండీ.