పహాణీలో పేరు లేని పాట

కంప్యూటరు కూడా ఒక పట్వారీయే సుమండీ! పాత రోజుల్లో రైతు దున్నుకునే చెలక ఎంత వున్నా, పహాణీలో పేరు లేకపోతే అతడు భూమి లేనివాడి కిందే లెక్క. డిస్కు మీదా అంతే. మనం దాచుకున్న పాటో, ప్రశ్నపత్రమో ఒక్కచోటే వుండాలని లేదు. ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో వుండవచ్చు. ఏ ముక్క ఎక్కడున్నదో రాసి వుంచే చిట్టా వేరే వుంటుంది. దానినే ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే చిట్టా 1993లో పుట్టింది. రాత మధ్యలో ఆటంకం వస్తే సరిచూసుకునేందుకు అందులో ఒక దినచర్య పుస్తకం కూడా వున్నది.

మా యింటి కంప్యూటరుకు మొన్నటి చలికాలంలో ఈ పహాణీ జబ్బు పట్టుకుంది. పొద్దున్నే మీట నొక్కితే, నల్లని తెర మీద డిస్కు తనిఖీ మొదలు పెడుతుంది. శాతాలు లెక్కపెడుతుంది. తప్పులు దిద్దానంటుంది. నాలుగు రోజులు బుద్ధిగా వుండి అయిదోనాడు మళ్లీ మొదలు! కరెంటు పోవటం వల్లనే అని మా ఆవిడ తీర్మానించింది. దేశానికి కరెంటు పంచే రామగుండం మా పాత కరీంనగర్ జిల్లాలోదే గదా, మనమీదే ఎందుకింత కోపమని ఆమె ఫిర్యాదు. కాని కరెంటు నిమిషమైనా పోని వారంలోనూ తెర నల్లబడింది.

ఆ డిస్కులో ఏమున్నదో చెప్పాలి. ఎం.ఏ. చదివే రోజుల్లో, 2003లో, జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో, నాకు అవ్వ వరసయ్యే ముసలామె చేత బతుకమ్మ పాటలు పాడించి టేపులో పట్టాను. మరుసటేడు ఆమె పోయింది. అందులో అత్తవారింటికి పోయే పిల్లకు తల్లి సుద్దులు చెప్పే పాట ఒకటి వుంది. దాని చివరి చరణాలు నేను మరెవరి నోటా వినలేదు. బూజు పట్టిన ఆ టేపు, కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఒక్కసారి పలికి, రెండోసారికి తెగింది. ఆ మర్నాడే తెర నల్లబడింది! ఆదిలాబాదు కాలేజీలో వున్నప్పుడు పట్టిన దండారీ డోళ్ల మోత వేరే పెన్‌డ్రైవులో క్షేమంగానే వున్నది. అన్నట్టు, ఆ జిల్లా గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడులో చోటు దొరికింది. మన తెలుగుకు 1991లోనే దొరికింది. లిపులకు ప్రపంచపు పహాణీలో పేరెక్కింది గాని, మా అవ్వ పాటకు మాత్రం నా గదిలోని పహాణీలోనే పేరు గల్లంతయింది.

తనిఖీ ముగిశాక చూస్తే పాట లేదు. 'ఫౌండ్' అనే పేరుతో దాగివున్న ఒక అరలో, పేరూ ఊరూ లేని ఫైళ్లు పదకొండు, వరస అంకెలు తగిలించుకుని కూర్చున్నాయి. చెక్‌డిస్కు చేసే పని ఇంతే. చిట్టాకు పొంతన కుదురుస్తుంది. పాట పాటలాగే వున్నదా అని వినదు. తాళపత్రం పరిష్కరించే పండితుడు గణాలు సరిపెట్టి కవిమాట పోగొట్టినట్టే! ఆ పదకొండింటినీ ముందు వేరే డిస్కుకు ఎత్తేశాను. వైద్యం ఆ తర్వాత.

బజార్లో రిపేరు దుకాణం నడిపేవాడు నా పాత శిష్యుడే. "ఫార్మాట్ కొడ్దాం సార్, కొత్తగయితది" అన్నాడు.

"గోడ బీట ఎందుకిచ్చిందో చూడకుండా సున్నం కొడితే ఏం లాభం నాయనా?" అన్నాను.

నవ్వి, దారిలో పడ్డాడు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుందట, స్మార్ట్ అంటారు. చెడి మార్చిన గళ్లు సున్నా. మార్చవలసినవి సున్నా. ర్యామును రాత్రంతా పరీక్షిస్తే అక్కడా దోషం లేదు. ఒక్క అంకె మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నది: డిస్కుకూ మదర్‌బోర్డుకూ నడుమ తీగలో చెడిన సందేశాల లెక్క. మూత విప్పితే సాటా కేబులు మొదట్లోనే మడత పడి వున్నది. సినిమా టిక్కెట్టు పాటి చేయని తీగ! అది మార్చాడు. ఆ అంకె ఇక తగ్గదు, వెనక్కి తిప్పే వీలు లేదు, పెరగకుంటే చాలునన్నాడు. పెరగలేదు. తెరా నల్లబడలేదు.

ఆ రాత్రి అనాథ ఫైళ్లకు తోక పేరు మార్చి ఒక్కొక్కటే వినసాగాను. ఏడోదానిలో దగ్గు వినిపించింది. అవ్వ దగ్గే! వెంటనే పాట. చివరి చరణాల్లో మొదటిది వచ్చింది. రెండోది సగంలో పుటుక్కున తెగింది.

ధర్మపురిలో వున్న ఆమె కూతురికి ఫోనులో వినిపించాను. నాకు మేనత్త వరస. కాసేపు మాట లేదు. తెగినచోటి నుంచి అందుకోబోయి ఆగింది.

"యాదికొస్తలేదు అల్లుడా! సద్దులనాడు రా. ఆడోళ్లమందరం కూడి చప్పట్లు కొడితే నోటికొస్తదేమో" అన్నది.