వందకు పది తరుగు



"అన్నా, జీకే వచ్చేస్తుంది, అర్థమెటిక్ దగ్గరే పోతున్నాం" అని చాలామంది అడుగుతున్నారు. మేమూ అక్కడే పోయాం. హాస్టల్లో ఒకే రూంలో ఉన్న నలుగురం, మొదటిసారి కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో లెక్కల పేజీలు తిప్పేసి బయటికొచ్చిన వాళ్లమే. "లెక్కలు మనోళ్లకు రావు" అని ఎవరో అన్న మాటను మేమే నమ్మేశాం.

ఆ వేసవిలో ఊరికి పోయినప్పుడు మాలో ఒకరి అమ్మ సంతకు చింతపండు తీసుకెళ్లింది. మోసింది మేమే. 80 కేజీలు, కేజీ 50 రూపాయలు. చేతికొచ్చింది 3,420. షావుకారు చీటీలో తరుగు 10 శాతం, ఖర్చులు 5 శాతం అని ఉంది. "నాలుగు వేలు రావాలి కదయ్యా, మిగతావి ఏమయినయ్?" అంది అమ్మ. డిగ్రీ చదువుతున్న నలుగురిలో ఒక్కరికీ చెప్పడం రాలేదు. సిగ్గేసింది.

రాత్రి చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో మెట్టు విడిగా రాశాం.

ఒకటి: 80లో 10 శాతం 8 కేజీలు. మిగిలింది 72.
రెండు: 72 × 50 = 3,600.
మూడు: ఖర్చులు 5 శాతం. దేనిలో? 3,600లో. అంటే 180. మిగిలింది 3,420.
నాలుగు: పోయింది 580. 580 ÷ 4,000 × 100 = 14.5 శాతం.

మేం 15 అనుకున్నాం. ఎందుకు కాలేదంటే, రెండో శాతం 4,000 మీద కాదు, తగ్గిన 3,600 మీద పడింది. శాతం కనపడగానే "దేనిలో?" అని అడగాలి. సగం లెక్క అక్కడే అయిపోతుంది.

మరుసటి వారం సంతలో అడిగాం: పండు ఎండింది, గింజ తీసింది, ఇక తరుగు దేనికి? "అందరికీ ఇంతే" అన్నాడు. కాగితం చూపించాక వందకు అయిదుకు దిగాడు. 76 కేజీలకు 3,800, ఖర్చులు 190 పోను 3,610. అదే 80 కేజీలకు 190 రూపాయలు ఎక్కువ. పూర్తిగా గెలవలేదు గానీ, లెక్కలంటే భయం ఆ రోజే పోయింది.

ఇంకో ఉదాహరణ. తెలంగాణలో 2022లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. పెరిగింది 4 శాతం పాయింట్లు. కానీ "ఎంత శాతం పెరిగింది?" అంటే పాత 6తో భాగించాలి: 4 ÷ 6 × 100 = 66.67. ఈ రెండూ ఆప్షన్లలో పక్కపక్కనే ఉంటాయి, జాగ్రత్త.

సంభావ్యత కూడా ఇంతే. నాలుగు ఆప్షన్లు, తప్పుకు మూడో వంతు మార్కు కోత అనుకోండి. తెలియని 12 ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున 3 రైటు, 9 తప్పు. 3 వచ్చి 3 పోతాయి, మిగిలేది సున్నా. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే సగటున 6 రైటు, 6 తప్పు. 6లో 2 పోయి 4 మిగులుతాయి. ప్రతిసారీ అచ్చం ఇలాగే వస్తుందని కాదు, మొగ్గు ఎటుందో చెప్తుంది. కొంచెం తెలిసినా పెట్టండి, ఏమీ తెలియకపోతే వదిలేయండి.

చివరగా సగటు. అయిదు ఇళ్లకు తునికాకు డబ్బులు 4, 5, 5, 6, 30 వేలు వచ్చాయనుకోండి. మొత్తం 50 వేలు, సగటు 10 వేలు. కానీ నాలుగిళ్లకు పది వేలు రానే లేదు. వరసలో పెట్టి నడిమిది చూస్తే 5 వేలు, అదే మధ్యగతం. "మీ గూడెం సగటు ఆదాయం ఇంత" అని ఎవరైనా చెప్తే మధ్యగతం ఎంతని అడగండి.

మేం నలుగురం రెండోసారి ప్రిలిమ్స్ దాటాం. ఉద్యోగం ఇద్దరికే వచ్చింది, మిగతా ఇద్దరం మళ్లీ చదువుతున్నాం.

ఇప్పుడు మీ వంతు. దేశంలో ఎస్టీల అక్షరాస్యత 2001లో 47.1 శాతం, 2011లో 59 శాతం. ఎన్ని పాయింట్లు పెరిగింది? ఎంత శాతం పెరిగింది? జవాబు ఒక్కటే వద్దు, మెట్లు కూడా రాయండి. తప్పయినా పర్లేదు, ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.