చికాగో యాత్ర : మంచుపెట్టెలో దాచిన వంట

శ్రీ క్రోధినామ సంవత్సర వైశాఖమున, అనగా 2024వ సంవత్సరము మేనెలలో, మేము అమెరికా దేశమందలి చికాగో నగరమునకు పోయి నాలుగువారములుండి వచ్చితిమి. మావారు బడిపంతులు గనుక వేసవి సెలవులలో గాని మాకు దూరప్రయాణములు పొసగవు. మా చెల్లెలు ఆ నగరమునకు పడమట సుమారు ఏబది కిలోమీటర్ల దూరమున నేపర్‌విల్ అను ఊర కాపురమున్నది. ఆమెకు అప్పుడు ఎనిమిదవ మాసము. మా తల్లిగారు మోకాళ్ళ బాధచే అంతదూరము రాజాలక తమకు మాఱుగా మమ్ము పంపిరి. యాత్రలో చూచిన వింతలు పెక్కులు గాని, వానిలో సోదరీమణుల వంటయింటికి పనికివచ్చునది యొకటి కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము.

చికాగో మిషిగన్ సరస్సు ఒడ్డున నున్నది. సరస్సనుటయే గాని ఆవలియొడ్డు కానరాదు. అలలు లేచి గట్టును కొట్టుచుండును. నోటబెట్టి చూచిన నది మంచినీరు. 1871లో ఇచ్చట గొప్ప అగ్నిప్రమాదము సంభవించి నగరము చాలభాగము కాలిపోయెను. ఆ బూడిదమీద మరల కట్టినదే నేటి పట్టణము. 1893లో స్వామి వివేకానందులు సర్వమతసభలో ప్రసంగించిన భవనము ఇప్పుడు చిత్రకళాశాలగా నున్నది. మేము దాని మెట్లయొద్ద కొంతసేపు నిలిచి నమస్కరించి వచ్చితిమి.

మఱునాడు డెవన్ వీథికి పోయితిమి. అచ్చట మనదేశపు అంగళ్ళు వరుసగా నున్నవి. 1974లో పటేల్ సోదరులు తెఱచిన కిరాణాకొట్టు ఈ వీథిలోనిదే. కందిపప్పు, చింతపండు, ఇంగువ దొరకుట మాకు వింత కాలేదు. మమ్ము నిలువబెట్టినవి చలిపెట్టెలు. ఒక గోడపొడవున అద్దపు తలుపుల వెనుక తఱిగిన మునగకాడలు, కొబ్బరితురుము, గోంగూర గడ్డకట్టి యున్నవి. చేత బట్టిన రాళ్ళవలె మ్రోగినవి. “అక్కా, ఏడాదిలో అయిదునెలలు మా పెరట మంచే గాని మొక్క యుండదు. ఈ పెట్టెలే మాకు తోట” అని మా చెల్లెలనెను.

ఈ నగరమునకును చల్లదనమునకును పాత చుట్టరికము కలదు. రైలుపెట్టెలలో మంచుగడ్డలు పేర్చి మాంసమును చెడకుండ తూర్పు పట్టణములకు పంపు పద్ధతిని పందొమ్మిదవ శతాబ్దము చివర ఇచ్చటి వర్తకులే వ్యాపింపజేసిరి. ఆహారమును త్వరితముగా గడ్డకట్టించు విద్యకు ఆద్యుడు క్లారెన్స్ బర్డ్స్ఐ అను నతడు. 1912 మొదలు కొన్నియేండ్లు లాబ్రడారు మంచుసీమలో నుండి, అచ్చటి వారు పట్టిన చేప గాలికే క్షణములో గడ్డకట్టుటయు, పిమ్మట కరిగించిన తాజాదివలె నుండుటయు అతడు చూచెను. మెల్లగా గడ్డకట్టిన నీరు పెద్ద పలుకులై కూర కండను చీల్చును. త్వరగా కట్టినచో పలుకులు సన్నములై కండను పాడుచేయవు. రహస్యమంతయు ఇంతే. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు ఊర ఇట్టి సరకు మొదట అంగడి కెక్కెను.

ఇక మా చెల్లెలి యింటి సంగతి. కారు నిలుపు కొట్టములో నిలువెత్తు ఫ్రీజరు కలదు. వంటగదిలో గట్టుమీద కోడిగ్రుడ్డు ఆకారపు పింగాణికుండ యొకటి కలదు. దానిచుట్టు విద్యుత్తీగలు, పైన అద్దపుమూత. దీనినే స్లో కుక్కరందురు. ప్రొద్దున పదార్థములు వేసి మీట నొక్కిన సాయంకాలమునకు ఉడికియుండును. మందాగ్ని యనిన మన వైద్యులు రోగమందురు. ఈ పాత్రకు అదియే గుణము. నలమహారాజునకు అగ్నియు నీరును తలచినంతనే వచ్చునట్లు దేవతలు వరమిచ్చిరి గాని, వంటచేయుచు నిద్రపోవు వరమీయలేదు. అది ఈ కుండకు దక్కినది.

దీని పుట్టుకయు చికాగోలోనిదే. ఇర్వింగ్ నాక్సన్ అను యూదుడు 1936లో దరఖాస్తు పెట్టి 1940లో దీనికి పేటెంటు పొందెను. అతని తల్లి లిథువేనియాలోని విల్నా పట్టణపు కథ చెప్పుచుండెడిదట. యూదులు శనివారమున నిప్పు రాజేయరాదు. కావున శుక్రవారము సాయంకాలమే చిక్కుడుగింజలు, దుంపలు, మాంసము వేసిన కుండను రొట్టెలవాని పొయ్యిలో నుంచుదురు. ఆఱుచున్న పొయ్యివేడికి రాత్రియెల్ల అది మెల్లగా నుడికి మఱునాటికి సిద్ధమగును. దాని పేరు చోలెంట్. తల్లిచెప్పిన ఆ పొయ్యిని కుమారుడు తీగలలో పట్టెను. 1970లో కాన్సాస్ సిటీ కంపెనీ యొకటి అతని వ్యాపారమును కొని, మఱుసటియేడు క్రాక్‌పాట్ అను పేర ఈ పాత్రను అమ్మెను. ఉద్యోగములకు పోవు స్త్రీలు దానిని ఎంతయో ఆదరించిరి.

మా చెల్లెలి పొరుగింటి అమెరికను ఇల్లాలు ఒకనాడు మాతో మాటాడుచు, ఈ దేశమున గర్భిణులు నెలలు నిండకమునుపే కొన్నివారములకు సరిపడు భోజనపదార్థములను తఱిగి, కొలిచి, పొట్లములు కట్టి ఫ్రీజరులో నుంచుకొందురని చెప్పెను. ఏల యని అడిగితిమి. “అప్పుడు వండువా రెవరు?” అని ఆమె నవ్వెను. 1993 నాటి చట్టము ప్రకారము అర్హులైన వారికి పండ్రెండువారముల సెలవు కలదు గాని అందులకు జీతమీయవలెనన్న నియమము లేదు. మా మరిదిగారికి కంపెనీవా రిచ్చినది రెండువారములు. మాకు జూన్ రెండవవారమున బడి తెఱచుదురు; ఇంటియొద్ద వృద్ధురాలైన అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పురుడు జూన్ మూడవవారమని వైద్యులు చెప్పిరి. ఎట్లు లెక్కించినను మేము వెడలిపోయిన పిదపనే బిడ్డ పుట్టును. ఆ లెక్క తేలిన రాత్రి అక్కచెల్లెండ్ర మిద్దరమును నిద్రపోలేదు. మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలు ఎందరతిథులు వచ్చినను విసుగక వండిపెట్టినదని చదివి చిన్ననాడు ఆనందించితిమి. ఆమె పురిటిలోనున్న నాడు ఆమెకు వండినదెవరో పెద్దన చెప్పలేదు.

పొరుగింటామె చెప్పిన దారి పట్టుదమని తలచి ఫోనులో తల్లిగారి కెఱిగించితిమి. ఆమె మండిపడెను. “పురిటాలికి నెలనాటి చద్దికూడా? మన వంశమున ఎవరైన చేసినారా?” అనెను. మేమును జంకితిమి. భగవద్గీత పదునేడవ అధ్యాయమున వండి జాము గడచి రసముపోయిన యన్నము తామసమని చెప్పబడినది గదా. కాని బాగుగ ఆలోచింపగా ఇచ్చట వండినది దాచుట లేదని తోచెను. కడిగి, తఱిగి, కొలిచిన పచ్చి సామగ్రిని దాచి, తినునాడే వండుదురు. మనము ఎండ నమ్ముకొని ఒరుగులు, వడియములు చేసితిమి. ఉప్పు నమ్ముకొని ఊరగాయ పెట్టితిమి. వీరు చలిని నమ్ముకొనిరి. ఈ మాట చెప్పి, కుండ ఉడుకు విధమును వివరించితిమి. తల్లిగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట “అది మన దాలి వంటిదా?” అని యడిగెను. ఔను, దాలియే. గుంటలో పిడకలు రాజేసి, పైన పాలకుండ పెట్టి, ప్రొద్దుననుండి సాయంకాలము వఱకు కాచిన ఆ యెఱ్ఱని పాలు, ఆ దళసరి మీగడ మా అమ్మమ్మగారి యింట మేము తిన్నవే. “అట్లయిన చేయుడు. తాలింపు మాత్రము ఆ పూటది ఆ పూటనే వేయవలెను” అని సెలవిచ్చెను. తరువాత ఈ నియమమే రుచిని నిలిపినది.

మూడు దినములు పనిచేసి ముప్పది పొట్లములు కట్టితిమి. బీరకాయ పెసరపప్పు ఆఱు, మెంతికూర కందిపప్పు ఆఱు, ఆనపకాయ పప్పు ఆఱు, మునగకాడల సాంబారు అయిదు, సెనగలు నాలుగు, మరిదిగారికొఱకు రాజ్మా మూడు. చేసిన విధము ఇది. పప్పు గ్లాసెడు చొప్పున కడిగి, రెండుగంటలు నానబెట్టి, నీరు వార్చవలెను. కూరముక్కలను సలసల కాగు నీట రెండు మూడు నిమిషములుంచి, తీసి, వెంటనే చల్లని నీటిలో వేసి, తడి యార్చవలెను. లేనిచో ఫ్రీజరులో కూడ రంగును రుచియు మెల్లగా తగ్గును. పప్పు, ముక్కలు, పసుపు, అల్లము సంచిలో చేర్చి, గాలి వెడలనొత్తి, పలుచగా పఱచి మూయవలెను. నీరు గడ్డకట్టినప్పుడు నూటికి తొమ్మిదిపాళ్ళు పెరుగును గనుక కొంత చోటు విడువవలెను. చింతపండు రసము పప్పుతో కలుపరాదు. పులుపు తగిలిన పప్పు ఉడుకదు. దానిని వేఱొక చిన్నసంచిలో నుంచి, పప్పు మెదిగిన తరువాత పోయవలెను. కొబ్బరిపాలు, పెరుగు కూడ కడపటనే. బంగాళాదుంప పచ్చిది దాచిన నల్లబడి పిండిపిండియగును, దానిని విడిచితిమి.

పలుచని పొట్లములు తాళపత్రగ్రంథములవలె ఒకదానిమీద నొకటి చక్కగా నమరినవి. ప్రతిదానిమీద పేరు, తేది, పోయవలసిన నీరు, ఉడుకవలసిన గంటలు వ్రాసితిమి. మరిదిగారు తెలుగు కూడబలుకుకొని చదువుదురు. అందువలన అక్షరములు పెద్దవిగా వ్రాసితిమి. “ఇవి చదివి చదివి నాకు తెలుగు బాగుగా వచ్చును వదినగారూ” అని ఆయన యనిరి.

ఇందు జాగ్రత్తలు కొన్ని తప్పక పాటింపవలెను. ఫ్రీజరు సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీల చలిలో నుండవలెను. ఆ చలి సూక్ష్మక్రిములను నిద్రపుచ్చును గాని చంపదు. కాబట్టి గడ్డను నేరుగా కుండలో వేయరాదు. మెల్లగా వేడెక్కు పాత్రలో అది చాలసేపు గోరువెచ్చగా నుండి క్రిములు పెరుగును. ముందురాత్రియే ఫ్రిజ్జు క్రిందియరలోనికి దింపి కరగనీయవలెను. బయట గట్టుమీద కరిగింపరాదు. రాజ్మాను స్లో కుక్కరులో పచ్చిగా వేయుట మిక్కిలి ప్రమాదము. ఆ గింజలలో నొక విషపదార్థము కలదు. మందమైన వేడికి అది నశింపదు. అయిదుగంటలు నానబెట్టి, ఆ నీరు పాఱబోసి, వేఱు నీటిలో అరగంట తెఱలగాచిన పిమ్మటనే పొట్లము కట్టితిమి. కుండను సగముకంటె తక్కువగాను మూడింట రెండుపాళ్ళకంటె ఎక్కువగాను నింపరాదు. నడుమ మూత తీసి చూచు అలవాటు మానవలెను. తీసినప్పుడెల్ల వంట ఇరువది ముప్పది నిమిషములు వెనుకబడును. ఇది మాకన్నిటికంటె కష్టమైన నియమము. గరిటె చేతలేక నిలుచుట మనకు పుట్టుకతో రాలేదు.

మేము ఇల్లుచేరిన తొమ్మిదవనాడు మా చెల్లెలికి ఆడుబిడ్డ కలిగెను. ఆసుపత్రినుండి వచ్చిన మఱునాడు మరిదిగారు మెంతికూర పొట్లము దింపి, ఉదయమున కుండలో వేసి, వెచ్చని నేతిలో జీలకఱ్ఱ వెల్లుల్లి తాలింపు పెట్టి ఆమెకు వడ్డించిరట. ఫోనులో చెల్లెలు “అక్కా, నీ చేతి పప్పు తింటిని” అని మఱి మాటాడలేకపోయెను. ప్రక్కనున్న మా తల్లిగారు “ఉప్పు సరిపోయినదా?” అని మాత్రమడిగెను.

ఆనపకాయ మాత్రము మెత్తబడి పప్పులో కలిసిపోయినదట. పొట్లము అన్నములోనికి పప్పు పెట్టును గాని బిడ్డకు నీళ్ళుపోయదు, బాలింతకు సాంబ్రాణి వేయదు, రాత్రి లేచి బిడ్డ నెత్తుకొనదు. ఆ పనులకు అదే వీథిలోని తెలుగు పెద్దమ్మగారొకరు పదిదినములు వచ్చి సాయపడిరి. మనిషి చేయవలసినది మనిషియే చేయవలెను. వంట గడియలు మిగిలినచో ఆ మనిషికి తీరిక కలుగును. పొట్లముల ఫలము అంతవఱకే.

మన యిండ్లలో ఫ్రిజ్జుల పై అరలు చిన్నవి. కరెంటు పోవుట కలదు. నిండిన పెద్ద ఫ్రీజరు తలుపు తీయకున్న రెండుదినములు చలి నిలుపును, సగము నిండినది ఒకదినము. చిన్న అర అంతకంటె తక్కువ. కనుక నెలకు గాక వారమునకు సరిపడ అయిదాఱు పొట్లములతో మొదలిడుట మేలు. స్లో కుక్కరు లేనివారు అదే పొట్లమును కరగించి ప్రెషరు కుక్కరులో వండుకొనవచ్చును. ఇంట పురుడు, పరీక్షలు, శస్త్రచికిత్స, ప్రయాణము ఏది రానున్నను ఒక సాయంకాలము ఇందులకు కేటాయింపుడు. పొట్లముమీద వ్రాయుట మఱవకుడు. అదియు ఇంటిలోని మగవారు చదువగలిగినంత పెద్ద యక్షరములతో వ్రాయుడు.