సీడర్ పార్క్‌లో ఒక దోటి కథ

2023 ఫిబ్రవరి 1, తెల్లవారుజాము. పెరట్లో తుపాకీ పేలినట్టు చప్పుడై మెలకువ వచ్చింది. కాసేపటికి ఇంకోటి. వీధి చివర మరోటి. కరెంటు లేదు. ఫోన్ లైటు వేసి కిటికీలోంచి చూస్తే మా లైవ్ ఓక్ చెట్టుకి ఆకు ఆకునా గాజు పూత పూసినట్టుంది. కొమ్మలు నేల దాకా వంగిపోయి, ఒక్కొక్కటీ విరుగుతున్నాయి.

ఆస్టిన్‌కి ఉత్తరాన ఉన్న సీడర్ పార్క్ మా ఊరు. ఆ తుఫానులో ఒక్క ఆస్టిన్ నగరంలోనే లక్షన్నరకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మా ప్రాంతపు చెట్లే అందుకు సగం కారణం. చాలా చెట్లు చలికాలానికి ఆకు రాల్చేసుకుంటాయి. లైవ్ ఓక్ పాత ఆకుని వసంతం దాకా వదలదు. మా ఊరికి పేరిచ్చిన సీడర్ కూడా అంతే. అది నిజానికి జూనిపర్ జాతి. పడిన వాన పడినట్టే ఆకుల మీద గడ్డకడితే ఆ బరువంతా కొమ్మే మోయాలి.

మంచు కరిగాక లెక్క చూసుకున్నాం. చేతికందే ఎత్తులో విరిగినవి ఏడెనిమిది. పది, పన్నెండు అడుగుల ఎత్తున చీలినవి నాలుగు. ఇంకా పైన, నా నడుమంత లావు కొమ్మ ఒకటి సగం విరిగి, సరిగ్గా పిల్లల ఉయ్యాల మీదికి వేలాడుతోంది. మావారు ఫోన్‌లో అన్నిటికంటే పొడుగాటి పోల్ సా కోసం వెతకడం మొదలుపెట్టారు. కోనసీమ నుంచి అమ్మ వీడియోలో చూసి, "దానికింత హడావుడి ఎందుకే? దోటికి కొడవలి కట్టి లాగితే పోలా?" అంది.

ఆలోచిస్తే పోల్ సా అంటే దోటే. వెదురు బదులు అల్యూమినియమో ఫైబర్‌గ్లాసో, కొడవలి బదులు రంపం.

కొనేలోగా పక్కింటి పెద్దాయన కంచె అవతల నుంచి హెచ్చరించారు. ఓక్ చెట్టుని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొయ్యకూడదట. టెక్సాస్ ఫారెస్ట్ సర్వీస్ చెప్పేదీ అదే. ఇక్కడ ఓక్ విల్ట్ అనే బూజు తెగులు ఉంది. తెగులు సోకిన రెడ్ ఓక్ బెరడు కింద పండిన పండు వాసనతో బూజు పెరుగుతుంది. దాన్ని తినే చిన్న పురుగులు ఆ బీజాల్ని మోసుకొచ్చి, పక్క చెట్టు తాజా గాయం మీద వాలతాయి. లైవ్ ఓక్‌లు వేళ్లతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనక, మన పెరట్లో చేసిన తప్పు వీధి చెట్లన్నిటికీ పాకవచ్చు. తప్పనిసరై కోస్తే ఏ నెలలోనైనా సరే, గాయానికి అప్పటికప్పుడే పెయింటు కొట్టాలి.

అలా మాకు నిర్ణయం సులువైంది. ఉయ్యాల మీది కొమ్మ ఆగేది కాదు, మేం ముట్టుకునేదీ కాదు. సర్టిఫైడ్ ఆర్బరిస్ట్‌ని పిలిచాం. ఆయన తాళ్లతో ఎక్కి ముక్కలు ముక్కలుగా దింపి, ప్రతి గాయానికీ స్ప్రే పెయింటు కొట్టారు. మనుషుల మీద పడే ప్రమాదం లేని మిగతా కొమ్మల్ని జూలైకి వాయిదా వేశాం. పోల్ సా గురించి చదవడానికి నాకు అయిదు నెలలు దొరికాయి.

"చెట్టు బతుకుతుందా అమ్మా?" అని పిల్లలు రోజూ అడుగుతుంటే, మార్చిలో ఒక ఆదివారం ఆస్టిన్‌లోని ట్రీటీ ఓక్ చూపించడానికి తీసుకెళ్లాం. అయిదు వందల ఏళ్లదని అంచనా. 1989లో ఒకతను దానికి కావాలని కలుపుమందు పోశాడు. నిపుణులు మట్టి మార్చి, ఎండ తగలకుండా తెరలు కట్టి, నీళ్లు చల్లి కాపాడినా మూడింట రెండొంతులు చచ్చిపోయింది. మిగిలిన భాగం 1997లో మళ్లీ కాయలు కాసింది. ఒక పక్కకే ఒరిగి ఉన్న ఆ చెట్టు కింద మా చిన్నది చాలాసేపు నిలబడి, "మనది దీనికంటే నయమే" అంది.

ఇక రంపం సంగతి. డబ్బా మీద "15 అడుగుల రీచ్" అని ఉంటే కర్ర పదిహేను అడుగులనుకోకండి. చాలాసార్లు అందులో పట్టుకునే మనిషి ఎత్తు కూడా కలిపి ఉంటుంది. ఆ మనిషి ఆరడుగులవాడు. నేను అయిదడుగుల రెండంగుళాలు. పైగా కోసే కొమ్మకి సరిగ్గా కింద నిలబడకూడదు, కర్రని నేల నుంచి అరవై డిగ్రీలకి మించి ఎత్తకూడదు. చిన్నప్పటి త్రికోణమితి ఇక్కడ పనికొచ్చింది. సైన్ 60 అంటే 0.866. పదడుగుల కర్ర పైకి ఎక్కేది 8.7 అడుగులే. వెనక చెయ్యి మూడడుగుల ఎత్తున ఉంటే మొత్తం 11.7. అంతకంటే పైనున్న కొమ్మ నాది కాదు. అందడం లేదని నిచ్చెన ఎక్కి పోల్ సా పట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

రెండోది బరువు. మొత్తం బరువు కంటే అది ఎక్కడుందన్నది ముఖ్యం. చాలా బ్యాటరీ రంపాల్లో మోటారు కొసనే ఉంటుంది. అదే పదడుగుల కర్రకి కొసన నాలుగు పౌండ్లున్నాయనుకోండి. చేతుల మధ్య ఎడం రెండడుగులైతే, వెనక చెయ్యి పదహారు పౌండ్ల బలంతో కిందికి అదిమి పట్టాలి. అందుకే షాపులో కర్రని పూర్తిగా సాగదీసి, కోస్తున్నట్టు రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. చేతులు వణికితే అది మనది కాదు. నేను మూడింటిని అలాగే వెనక్కి పెట్టేశాను.

చేతి రంపం తేలిక, చవక. వంపు తిరిగిన పళ్లు లాగినప్పుడే కోస్తాయి కనక మన బరువే సాయం చేస్తుంది. రెండు మూడంగుళాల కొమ్మలకి అది చాలు. బ్యాటరీది ఎనిమిది, పది అంగుళాల బార్‌తో వస్తుంది. కొమ్మ లావు బార్ పొడవు కంటే తక్కువ ఉండాలి. గొలుసుకి నూనె పోయడం మరవకూడదు. పెట్రోలుది బలమైనదే కానీ బరువు, చప్పుడు, పొగ. ఇంటి పెరటికి అక్కర్లేదు. మేం బ్యాటరీది, ఎనిమిదంగుళాల బార్, మూడు ముక్కల కర్ర ఉన్నది కొన్నాం. చాలావరకు రెండు ముక్కలే వాడతాను.

కరెంటు తీగకి పదడుగుల లోపు కొమ్మ ఉంటే ఏ రంపమూ వద్దు, కరెంటు కంపెనీకి ఫోన్ చెయ్యండి. ఫైబర్‌గ్లాస్ కర్ర ఉందని ధైర్యపడకండి. తడో దుమ్మో పట్టాక దాన్నీ నమ్మలేం.

జూలైలో, ఎండ ముదరక ముందే, హెల్మెట్, కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. కొంచెం లావు కొమ్మకి మూడు కోతలు. మొదటిది మానుకి అడుగు దూరంలో, కింద నుంచి మూడో వంతు. రెండోది ఇంకాస్త అవతల, పై నుంచి. కొమ్మ బరువు దిగిపోయాక, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడతని వదిలేసి దాని పక్కనే మూడోది. మడత ఉంటేనే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. కింది కోత లేకపోతే కొమ్మ పడుతూ పడుతూ బెరడుని మాను దాకా చీల్చుకుపోతుంది. నేను ఒక్కో కొమ్మా కొయ్యగానే, మావారు స్ప్రే డబ్బా కట్టిన కర్రతో పెయింటు కొట్టారు.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. రంపాన్ని ఎత్తి చూసి, రెండు ముక్కలకే కుదించిన కర్ర వంక చూసి, "అవునే, మీ నాన్న దోటి నేనెప్పుడూ ముట్టుకోలేదు. నాకు పొట్టిది వేరే ఉండేది. దానికందని కాయలు మీ నాన్నకే వదిలేసేదాన్ని" అంది.