చెయ్యెందుకు లేవదు?

తిరువళ్ళూరు స్వామిని వైద్య వీరరాఘవుడని పిలవడం మనకు తాతలనాటి అలవాటు. ఒంట్లో బాగులేకపోతే అక్కడి కోనేట బెల్లం కలపడం, తేరుకున్నాక తిరుత్తణి కొండ మెట్లెక్కి మొక్కు తీర్చుకోవడం ఈ వైపు తెలుగు ఇళ్ళలో ఉన్నదే. అయితే జబ్బు తగ్గడం వేరు, మెట్లెక్కే సత్తువ రావడం వేరు. ఈ రెంటి నడుమా ఎంత దూరముందో మా చిన్నాయన విషయంలో కళ్ళారా చూశాము.

నిమ్ము చేరి, ఆ విషం ఒళ్ళంతా పాకి, ఆయన చెన్నపట్నంలో ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్‌లో మూడు వారాలు శ్వాసయంత్రం మీద ఉన్నారు. జ్వరం పోయింది, తెలివి వచ్చింది. కాని కాలూ చెయ్యీ లేవవు. యంత్రం తీస్తే ఊపిరి చాలదు. పక్షవాతమని ఒకరు, ఇక ఇంటికి తీసుకుపోదామని మరొకరు. పిన్నమ్మ మాత్రం, "కళ్ళతో నవ్వుతున్నారు నాయనా, కాస్త ఆగండి" అన్నది.

డాక్టరుగారు చేసిన మొదటి పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. భుజం, మోచేయి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ - రెండు పక్కలా కలిపి 12 చోట్ల కదిలించమని, ఒక్కొక్క చోటికి సున్న మొదలు 5 దాకా మార్కులు వేశారు. మొత్తం 60. 48కి తగ్గితే అది ఉత్త నీరసం కాదని లెక్క. చిన్నాయనకు వచ్చినవి 22.

రెండవది నరాల పరీక్ష. చర్మం మీద చిన్న కరెంటు పెట్టి, అది నరం వెంట పోయి కండను ఎంత బలంగా తట్టుతుందో చూస్తారు. ఆరోగ్యమైన చేతి నరంలో ఆ కబురు సెకనుకు 50 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. చిన్నాయనకు వేగం దాదాపు సరిగానే ఉన్నది, అల ఎత్తు మాత్రం బాగా పడిపోయింది. అంటే నరంలోని పోగులు చాలా దెబ్బతిన్నాయన్నమాట. వేగమే బాగా తగ్గి ఉంటే గిలాన్ బారే అనే వేరే జబ్బేమోనని చూడవలసివచ్చేది; దాని చికిత్స వేరు. పిమ్మట సన్నని సూది కండలో గుచ్చి విన్నారు. విశ్రాంతిగా ఉన్న మంచి కండ నిశ్శబ్దంగా ఉంటుంది. నరం తెగిన కండ చిటపటలాడుతుంది. ఒళ్ళు వాచినా, చేతులు చల్లబడినా, చుట్టూ ఉన్న యంత్రాలు అడ్డు తగిలినా ఈ పరీక్షలు తప్పుదారి పట్టవచ్చు. కనుక చేసేవారికి అనుభవముండాలి.

ఈ జబ్బును 1984లో కెనడాలోని లండన్ నగరంలో చార్లెస్ బోల్టన్ ప్రభృతులు, శ్వాసయంత్రం వదలలేని ఐదుగురు రోగులలో గుర్తించి వివరించారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. మూలవ్యాధిని అణచడం, చక్కెరను అదుపులో ఉంచడం, వీలైనంత త్వరగా కాళ్ళూ చేతులూ ఆడించడం - ఇవే చికిత్స. తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. చాలామంది నెలల మీద కోలుకుంటారు. కొందరికి కొంత కొరత మిగిలిపోతుంది.

ఆ మాట విన్నాక మా ఇంట ఎవరూ తీసుకుపోదామనలేదు. నాలుగు నెలలకు చిన్నాయన తన కంచంలో అన్నం తానే కలుపుకున్నారు.

మీ ఇంటి మనిషి అలా కదలక పడి ఉంటే, "నరాలూ కండలూ చూశారా?" అని డాక్టరుగారిని అడగండి. అడగడం తప్పు కాదు. ఆశ వదులుకునే ముందు అడగవలసిన ప్రశ్న అది.