గంగ మీది నుంచి కాశీ

కాశీని రెండు విధాలుగా చూడవచ్చు. సందులలో నడిచి చూడడం ఒకటి, గంగ మీది నుంచి చూడడం మరొకటి. సందులలో నడిచేవానికి నగరం ముక్కలు ముక్కలుగా మాత్రమే దొరుకుతుంది. ఒక గుడి, ఒక గుమ్మం, ఒక ఎద్దు, ఒక పూలబుట్ట, మళ్లీ ఒక మలుపు. నది మీదికి వెళ్లినప్పుడు మాత్రమే అది ఒక్క నగరంగా కనిపిస్తుంది. హిమాలయాల నుంచి ఆగ్నేయంగా సాగివచ్చే గంగ ఇక్కడ ఉత్తరాభిముఖంగా తిరుగుతుంది. పడమటి గట్టున నెలవంక ఆకారంలో, అస్సీ నుంచి వరుణా సంగమం వరకు, దాదాపు 84 ఘట్టాలు మెట్లు మెట్లుగా నీటిలోకి దిగుతాయి. ఎదుటి గట్టున ఇల్లూ వాకిలీ లేని ఇసుక మేట. అందువల్ల ఉదయించే సూర్యునికి, నగరానికి మధ్య నది తప్ప మరొక అడ్డు లేదు. కాశీ నది వైపు ముఖం పెట్టుకుని నిర్మితమైన నగరం. ఆ ముఖాన్ని చూడాలంటే పడవ ఎక్కక తప్పదు.

ఒక కార్తీక మాసపు తెల్లవారుజామున కేదార ఘట్టం మెట్ల మీద ఒక వృద్ధ దంపతుల జంట నిలబడి ఉంది. ఆయన విజయనగరంలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆమె పుట్టినిల్లు గోదావరి నడుమ ఒక లంక గ్రామం. వర్షాకాలంలో మెట్లను కప్పివేసిన ఒండ్రును నీటి గొట్టాలతో కడిగివేయడం అప్పటికి కొన్ని వారాల క్రిందటే పూర్తయింది. పగుళ్లలో ఇంకా కొంత మిగిలి ఉంది.

"అమ్మా, పడవ! బాబుగారూ, పడవ!" అని తెలుగులోనే పిలుపు వినిపించింది.

కేదార ఘట్టం, మానససరోవర ఘట్టం పరిసరాలలో ఇది వింత కాదు. ఆంధ్ర ఆశ్రమం, దక్షిణాది మఠాలు ఉన్న ప్రాంతం అది. ఇక్కడి పడవవారు తెలుగు, తమిళం ఏ పాఠశాలలోనూ నేర్చుకోలేదు. యాత్రికులతో బేరమాడుతూ నేర్చుకున్నారు. 2023 ఏప్రిల్, మే మాసాలలో గంగా పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఈ ఘట్టాలలో ఎక్కడ విన్నా తెలుగే వినిపించింది.

బేరం కుదిరింది. నలుగురితో కలిసి కూర్చుంటే ఒక ధర, పడవ మొత్తం మాట్లాడుకుంటే మరొక ధర. మాస్టారు పడవ మొత్తం మాట్లాడారు. ఆమె మాత్రం కాలు కదపలేదు. పడవ అడుగున ఒక మూలగా పడి ఉన్న లైఫ్ జాకెట్ల వైపు చేయి చూపించారు.

"ఏమండీ, అవి తొడుక్కుంటేనే నేను ఎక్కుతాను."

"భయం లేదమ్మా. గంగ తల్లి కదా!" అని నావికుడు నవ్వాడు.

"మాకూ గోదావరి తల్లే నాయనా," అన్నారామె.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన విహార లాంచీ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. దాదాపు యాభైమంది ప్రాణాలు కోల్పోయారు. అయిదు వారాలకు పైగా గడిస్తే గాని ఆ లాంచీని వెలికితీయడం సాధ్యం కాలేదు. ఈ సంగతులేవీ ఆమె చెప్పలేదు. నావికుడు నవ్వడం మాని జాకెట్లు దులిపి ఇచ్చాడు. తానే వంగి ఆమె జాకెట్టు పట్టీలు బిగించాడు.

నౌకావిహారం ఈ నగరానికి కొత్తది కాదు. హోలీ తరువాత వచ్చే మంగళవారం నాడు బుఢ్వా మంగళ్ అనే ఉత్సవం జరిగేది. కాశీ రాజులు, ధనికులు, రసికులు పెద్ద పెద్ద కప్పు పడవలను దీపాలతో, తివాచీలతో అలంకరించి, సంగీతం వింటూ గంగ మీద రాత్రులు గడిపేవారు. సామాన్యులు చిన్న పడవలలో ఆ పెద్ద పడవల చుట్టూ తిరిగేవారు. ఎదుటి గట్టుకు పోయి స్నానం చేసి, ఠండాయి తాగి, సాయంకాలానికి తిరిగిరావడం కాశీవాసుల పాత అలవాటు. యాత్రికుల సంగతి సరే సరి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆ యాత్రలో గంగ మీద కొంత దూరం పడవలలోనే సాగాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర నాటి దారులకు, రేవులకు, ధరలకు మన భాషలో మిగిలిన అమూల్యమైన సాక్ష్యం.

అయితే ఆ కాలంలో పడవవారికి ప్రధానమైన బ్రతుకుతెరువు విహారం కాదు. సరుకులు మోయడం, మనుషులను అవతలి గట్టుకు దాటించడం వారి వృత్తి. 1878 నాటి ఉత్తర భారత రేవుల చట్టంతో దాటింపు రేవుల మీద ప్రభుత్వపు అదుపు స్థిరపడింది. 1887లో రాజఘాట్ వద్ద రైలు వంతెన వెలిసింది. నేడు మాలవీయ వంతెన అని పిలుస్తున్నది దానినే. రైలు వచ్చాక నది మీద సరుకుల రవాణా క్షీణించింది. మల్లాహులు, నిషాదులు, కేవట్లు అని పిలిచే ఈ కులాలవారు క్రమంగా మనుషులను దాటించడం నుంచి మనుషులకు చూపించడం వైపు మళ్లవలసి వచ్చింది. వృత్తి మారినా కట్టుబాటు మారలేదు. ఏ ఘట్టం మీద ఎవరు యాత్రికులను ఎక్కించుకోవాలో తరతరాల ఆచారం నిర్ణయిస్తూ వచ్చింది. కాగితం మీద లేని ఆ హక్కును తండ్రి కొడుకుకు అప్పగిస్తూ వచ్చాడు.

పడవ కేదార ఘట్టం విడిచి, ప్రవాహానికి ఎదురుగా, ఒరవడి తక్కువగా ఉండే గట్టు ప్రక్కనుంచి దక్షిణంగా సాగింది. పది తెడ్లు వేశాడో లేదో, నావికుడు కుడిచేతి వైపు చూపించాడు.

"ఇది విజయనగరం ఘాట్. కర్ణాటక దేశం రాజు కృష్ణదేవరాయలు కట్టించాడు."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "కాదు బాబూ, అది వేరే విజయనగరం. హంపీ దగ్గర తుంగభద్ర ఒడ్డున ఉండేది. ఈ ఘట్టం మా విజయనగరం రాజులది. మా ఊరు సముద్రానికి దగ్గర. రెంటికీ మధ్య మూడు వందల ఏళ్లకు పైగా తేడా ఉంది."

నావికుడు తెడ్డు ఎత్తి పట్టుకుని విన్నాడు. "మీ ఊరి రాజా?" అని మళ్లీ అడిగాడు. మాస్టారు చెప్పుకుపోయారు. గజపతుల వంశం వారికి కాశీతో చిరకాల సంబంధం ఉన్నదనీ, భేలూపురలో వారికి భవనం ఉండేదనీ, 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు తీసుకువెళ్లిన విజ్జీ ఆ వంశంవాడేననీ, 1965లో ఈ కాశీలోనే కన్నుమూశాడనీ వివరించారు. క్రికెట్ మాట వినగానే నావికుని ముఖం వెలిగింది.

ఇటువంటి పొరపాట్లు పడవ కథలలో తరచుగా దొర్లుతాయి. చరిత్ర చదివినవారికి అవి కొంత చికాకు కలిగిస్తాయి. అయితే అదే నోటి వెంట నిజమూ వస్తుంది. చేత్‌సింగ్ కోట ముందుకు వచ్చేసరికి నావికుడు ఎత్తైన కిటికీని చూపించాడు. 1781 ఆగస్టులో వారన్ హేస్టింగ్స్ నిర్బంధించిన రాజా చేత్‌సింగ్, తలపాగాలు ముడివేసి త్రాడుగా చేసుకుని, ఆ కిటికీ నుంచి దిగి పడవలో రామనగర్ వైపు తప్పించుకున్నాడని చెప్పాడు. కొద్ది రోజులకు హేస్టింగ్సే చునార్ కోటకు పారిపోవలసి వచ్చిందనీ చెప్పాడు. ఇందులో తప్పు లేదు. "ఆనాడు పడవ వేసింది మావాళ్లే," అని కలిపాడు. దానికి ఆధారం చూపించగలవారు లేరు. అయినా రాజు ఈది వెళ్లలేదు. పడవ వేసిన చేతులు ఎవరివో ఒకరివి అయి ఉండాలి. వారి పేర్లు ఏ దస్తావేజులోనూ నమోదు కాలేదు.

మరికొంత దూరంలో నిషాద ఘట్టం వచ్చింది. కాశీ ఘట్టాల పేర్లలో రాజులు, రాణులు, దివానులు, మఠాధిపతులు కనిపిస్తారు. ఆ వరుసలో పడవవారి పేరుతో ఈ ఒక్క ఘట్టం నిలిచింది. అక్కడ నిషాదరాజు గుడి ఉంది. రాముని గంగ దాటించిన గుహుడు తమ పూర్వుడని వారి విశ్వాసం. నావికుడు అక్కడ తెడ్డు వదలి చేతులు జోడించాడు. కథ ఏమీ చెప్పలేదు.

అస్సీ వద్ద పడవ మళ్లి, ప్రవాహం మీదుగా ఉత్తరానికి తేలింది. అప్పటికి సూర్యుడు ఇసుక మేట మీదికి వచ్చాడు. దశాశ్వమేధ ఘట్టం, పదహారవ శతాబ్దాంతపు మానసింగు భవనం, దాని మిద్దె మీద జయసింగు వేధశాల ఒకదాని వెంట ఒకటి వెనుకకు జరిగాయి. మణికర్ణిక దగ్గరపడగానే నావికుడు తెడ్లు నెమ్మదిగా వేశాడు. ప్రక్క పడవలో ఎవరో యువకుడు చితుల వైపు కెమెరా ఎత్తితే వాని పడవవాడు వెంటనే దించమన్నాడు. ఆ మర్యాదను నదికి నేర్పినవారు వీరే. పంచగంగా ఘట్టంలో వెదురు గడల చివర బుట్టలలో కార్తీక ఆకాశదీపాలు కట్టి ఉన్నాయి. వాటికి పైగా ఔరంగజేబు కాలపు మసీదు. దానినీ, దాని క్రింది మెట్ల మీద స్నానాలు చేసేవారినీ నావికుడు ఒకే వాక్యంలో చూపించాడు. నగరం అలాగే ఉంది గనుక అతని వాక్యమూ అలాగే ఉంది.

ఆ సమయంలో రెండంతస్తుల విహారనౌక ఒకటి దాటిపోయింది. దాని అలకు చిన్న పడవ ఊగింది. ఆమె పట్టీలు మరొకసారి సరిచూసుకున్నారు. 2018 నుంచి ఇటువంటి నౌకలు కాశీలో తిరుగుతున్నాయి. 2016లో విద్యుత్ పడవలు వచ్చాయి. 2021 తరువాత డీజిల్ ఇంజన్లను సి.ఎన్.జి.కి మార్చే పని పెద్దయెత్తున సాగింది. నేడు నమో ఘాట్ అని పిలుస్తున్న ఖిడ్కియా ఘట్టం వద్ద నీటి మీద తేలే ఇంధన కేంద్రమే వెలిసింది. ఈ మార్పులను తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదు. పొగ తగ్గడం మంచిది. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు పెద్ద నౌకలో సౌకర్యం ఉంది. భద్రతా నియమాలు అక్కడ పడవవాని దయ మీద ఆధారపడవు. గంగ ఇక్కడ 71.262 మీటర్ల ప్రమాద స్థాయిని దాటే సంవత్సరాలు ఉన్నాయి. 1978లో 73.901 మీటర్ల వరకు పొంగింది. అటువంటి నది మీద ప్రయాణికుని ప్రాణాన్ని భక్తికి మాత్రమే వదలిపెట్టడానికి వీలులేదు. లైసెన్సు, ప్రయాణికుల సంఖ్యకు పరిమితి, జాకెట్టు, వరదరోజులలో నిషేధం, ఇవన్నీ ఉండవలసినవే. అమలు కావలసినవే.

పెద్ద నౌకలో వ్యాఖ్యానం ధ్వనివర్ధకం నుంచి వస్తుంది. అందులో తేదీలు తప్పుగా పడే అవకాశం తక్కువ. అయితే తప్పు పడితే దానిని దిద్దడానికి అక్కడ ఎవరికి చెప్పాలో ప్రయాణికునికి తెలియదు. తెడ్డు పట్టినవాడు చెప్పే కాశీ అలాంటిది కాదు. వినేవాడు దానిని దిద్దవచ్చు. రెండు వందల ఏళ్లుగా తెలుగువారు, తమిళులు, మరాఠీలు, బెంగాలీలు ఆ పడవలలో కూర్చుని తమ తమ రాజులను గురించి, తమ తమ మఠాలను గురించి చెప్పినవన్నీ ఆ కథలో కలిసి ఉన్నాయి. కాశీలో దేశమంతా కట్టించిన ఘట్టాలున్నట్లే, దేశమంతా కలిసి అల్లిన ఆ కథ పడవవారి నోట ఉంది. ఘట్టం కూలితే పునరుద్ధరణకు ప్రభుత్వ శాఖలున్నాయి. ఈ కథకు అటువంటి శాఖ లేదు. తెడ్డు పట్టేవాని కొడుకు మరొక ఊరిలో మరొక పనికి పోయిననాడు అది అతనితోనే పోతుంది. పాత పడవకు కొత్త ఇంజను ఇచ్చే యోజనలో పడవవానికి కొంత చరిత్ర బోధించే ఏర్పాటునూ, అతని వద్ద ఉన్నదానిని వ్రాసుకునే ఏర్పాటునూ చేర్చడం అసాధ్యమైన పని కాదు. అందుకు అయ్యే ఖర్చూ పెద్దది కాదు.

కేదార ఘట్టంలో దిగేటప్పుడు మాస్టారు ఒప్పుకున్న దానికంటె కొంత ఎక్కువ ఇవ్వబోయారు. నావికుడు లెక్కపెట్టి, ఒప్పుకున్నది ఉంచుకుని, మిగిలినది తిరిగి ఇచ్చాడు.

మరునాటి ఉదయం దంపతులు అదే ఘట్టంలో స్నానం చేస్తున్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుటుంబంతో అదే పడవ గట్టు విడిచింది. పడవలోని పిల్లలు కూడా జాకెట్లు తొడుక్కుని ఉన్నారు. పది తెడ్లు వేసేసరికి నావికుని గొంతు నీటి మీదుగా స్పష్టంగా వినిపించింది.

"ఇది విజయనగరం ఘాట్. హంపీ విజయనగరం కాదు, అది వేరు. ఇది సముద్రం దగ్గరి విజయనగరం. క్రికెట్ కెప్టెన్ రాజావారి ఊరు. ఆ ఊరి మాస్టారే నాకు చెప్పారు."

మాస్టారు మోకాలిలోతు నీటిలో నిలబడి విన్నారు. "కట్టించింది కెప్టెన్ అనుకుంటారేమో," అని భార్యతో అన్నారు. "సాయంత్రం పడవ కట్టేసే వేళకు వచ్చి ఆ ఒక్క ముక్కా చెప్పి వెళదాం."